మరమ్మతు కూడా విద్యయే

పనిముట్టును సంపాదించడం ఒక విద్య. దానిని ప్రయోగించడం మరొక విద్య. అది మొరాయించినప్పుడు లోపమెక్కడ ఉన్నదో కనిపెట్టడం మూడవ విద్య. మన విద్యాలయాలలో మొదటి రెంటికీ లభిస్తున్న గౌరవం ఈ మూడవదానికి లభించడం లేదు. ఈ ఉపేక్ష ఎంతటి నష్టానికి దారితీయగలదో చూపడానికి, పోటీలలో గురి చూసి కాల్చే పిస్తోలును మించిన ఉదాహరణ లేదని మా అభిప్రాయం.

2021 జూలై 25వ తేదీన టోక్యో ఒలింపిక్సులో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు అర్హత పోటీ జరిగింది. 75 నిమిషాలలో 60 గుండ్లు కాల్చవలసి ఉన్నది. హర్యానాకు చెందిన 19 ఏండ్ల మనూ భాకర్ చేతిలోని పిస్తోలు పోటీ నడుమ చెడిపోయినది. దానిని బాగుచేయించుకొని తిరిగి నిలబడేసరికి అమూల్యమైన కాలం హరించుకుపోయింది. ఆమెకు వచ్చినవి 575 పాయింట్లు. దక్కినది 12వ స్థానం. ఫైనలుకు చేరినవారిలో చివరి వ్యక్తికీ ఆమెకూ మధ్య అంతరం కేవలం 2 పాయింట్లు. ఏండ్ల తరబడి చేసిన సాధన ఒక యంత్రభాగం దగ్గర ఆగిపోయింది. 2024లో పారిస్‌లో అదే పోటీలో ఆమె కాంస్యం గెలిచి, రెండు రోజుల తరువాత సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరొక కాంస్యం సాధించిన సంగతి పాఠకులకు తెలిసినదే.

దీనికి ప్రక్కన మరొక సంఘటనను నిలిపి చూద్దాం. 2008 ఆగస్టు 11న బీజింగులో అభినవ్ బింద్రా ఫైనలుకు ముందు సరిచూసుకొనే గుండ్లు కాల్చగా అవి కేంద్రానికి దూరంగా పడినవి. ఆయన కంగారుపడక, ఉన్న కొద్ది సమయంలోనే గురిచూపును సరిదిద్దుకొన్నారు. చివరి గుండుకు 10.8 సాధించి, భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణాన్ని తెచ్చారు. టోక్యోలో జరిగినది ఎవరికైనా జరుగవచ్చును. బీజింగులో జరిగినది మాత్రం తన ఆయుధాన్ని క్షుణ్ణంగా ఎరిగినవారికే సాధ్యం.

పిస్తోలు పదే పదే ఇరుక్కుపోతున్నప్పుడు చాలామంది దానిని తిట్టుకొంటారు, లేదా మరింత నూనె పోస్తారు. రెండూ నిరుపయోగమే. తెలిసినవారు ముందుగా గొట్టాన్ని గురిబల్ల వైపే నిలిపి, వ్రేలిని ట్రిగ్గరు నుండి తొలగిస్తారు. పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చును గనుక కొంతసేపు కదలక వేచి ఉంటారు. ఆ పిమ్మట మూడు ప్రశ్నలు వేసుకొంటారు. తూటా లోనికి పోలేదా? పోయి పేలలేదా? పేలిన తరువాత ఖాళీ గొట్టం బయటికి రాలేదా?

25 మీటర్ల పోటీలలో వాడే పాయింట్ టూటూ తూటాకు అడుగున చుట్టూ అంచు ఉంటుంది. మ్యాగజైనులో పేర్చేటప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచుకు వెనుకపడితే రెండూ పెనవేసుకొని కదలవు. మ్యాగజైను పెదవులు వంగినా అంతే. పేలకపోతే తూటాలోనో, దానిని కొట్టే సూదిలోనో లోపం. ఖాళీ గొట్టం రాకపోతే తూటా గదిలో పేరుకొన్న మైనం, సీసం, కాలిన మందు మసి కారణం కావచ్చును; లేదా దానిని లాగే కొక్కెం అరిగి ఉండవచ్చును; బోల్టును వెనుకకు నెట్టలేనంత బలహీనమైన తూటా అయినా కావచ్చును. ఎక్కువ నూనె పోస్తే మసి మరింత అంటుకొంటుంది. కనుక ఒకసారికి ఒక్కదానినే మార్చి చూడవలెను: ముందు శుభ్రత, తరువాత మ్యాగజైను, ఆ తరువాత తూటా రకం, చివరికి స్ప్రింగు. అన్నీ ఒకేసారి మార్చినవానికి పిస్తోలు బాగుపడవచ్చును గాని, ఎందుకు బాగుపడినదో తెలియదు. మన ప్రయోగశాలలలో బోధించే శాస్త్రీయ పద్ధతి ఇదే కదా!

ఆ పోటీల నియమావళి సైతం ఈ వివేచన చేస్తుంది. లోపం ఆయుధానిదో, తూటాదో అయితే దానిని మన్నించదగిన అవాంతరంగా పరిగణిస్తుంది. తూటా నింపడం మరచినా, సేఫ్టీ మీట తీయకపోయినా మన్నించదు.

విద్యార్థుల చేతికి ఆయుధాలు విప్పడానికి ఇస్తారా అని పెద్దలు ప్రశ్నించవచ్చును. ఆ భయం సహేతుకమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులను మరమ్మతు చేయడానికి లైసెన్సు ఉండవలెను. ఎన్.సి.సి. రైఫిళ్లు ఆ సంస్థ అధీనంలోనివి. మేము కోరేది వాటిని విప్పడం కాదు. శిక్షకుని సమక్షంలో శుభ్రపరచడం, లోపాన్ని గమనించి వ్రాసిపెట్టడం, ఎక్కడ తాము ఆగి నిపుణునికి అప్పగించవలెనో తెలుసుకోవడం — ఇంతవరకే. ఆగవలసిన చోటు తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇది మన ప్రాంతానికి క్రొత్త కాదు. బొబ్బిలి వీణను పనసమ్రానులో తొలిచే శిల్పి దాని మెట్లను మైనంపై నిలుపుతాడు. ఆ మెట్టు కదిలితే స్వరం తప్పుతుందని ఎరుగని వైణికులు లేరు. ఉర్దూలో సంగీత విద్వాంసుని ‘ఉస్తాద్’ అంటాము. షెడ్డులో ఇంజను విప్పే మెకానిక్కునూ ‘ఉస్తాద్’ అనే పిలుస్తాము. భాష ఇద్దరికీ ఒకే పీట వేసినది. కళాశాల మాత్రం మొదటివానికే వేదిక ఇస్తున్నది.

సంపన్న నగరాలలో క్రీడాకారునికి రెండవ పిస్తోలు ఉంటుంది. బాగుచేసే నిపుణుడు దగ్గరలో ఉంటాడు. లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, 2023లో ఆసియా క్రీడలలో పతకాలు సాధించిన ఈషా సింగ్ హైదరాబాదులో ఎదిగినవారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కిన విద్యార్థికి ఆ నగరం చేరడానికే ఒక రాత్రి పడుతుంది. ఉన్నది ఒక్కటే పనిముట్టు అయినవానికి దాని ఆరోగ్యమే భవిష్యత్తు. అది పిస్తోలు కావచ్చును, సూక్ష్మదర్శిని కావచ్చును, కుట్టుమిషను కావచ్చును.

కనుక పాలకవర్గం వారికి మా మనవి మూడు మాటలు. కొనుగోలుకు నిధులు కేటాయించినప్పుడే నిర్వహణకు కూడా కొంత కేటాయించండి. ప్రతి పరికరానికీ ఒక మరమ్మతు పుస్తకం తెరిపించి విద్యార్థులచేతనే వ్రాయించండి. ఏడాదికొకసారి ఈ జిల్లాల ఉస్తాదులను విద్వాంసులతో సమానంగా వేదికపైకి ఆహ్వానించండి.

తోటి విద్యార్థులకు చెప్పేది ఒక్కటే. ఒంటెను ముందు గుంజకు కట్టి, ఆ తరువాత భగవంతునిపై భారం వేయమన్న పెద్దల మాట మన ఇండ్లలో అందరం విన్నదే. పనిముట్టు మొరాయించిన నాడు తలరాతను నిందించడానికి ముందు, ఆ మూడు ప్రశ్నలూ వేసుకొందాం.