తీరని గంటల లెక్క

ఈ నెల ఖర్చు తగ్గినదని సంతోషించే ముందు, ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్నారా అని అడగవలెను. పిల్లలను పస్తుంచి మిగిల్చిన బియ్యమును పొదుపు అనరు గదా! పెద్ద మేడల కరెంటు లెక్కకూ ఇదే న్యాయము.

కరెంటు తక్కువ వాడే మేడలకు ‘లీడ్’ వంటి యోగ్యతాపత్రములు ఇస్తున్నారు. హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు 2003లోనే అందులో ప్లాటినం శ్రేణి పొందినది. ఇటువంటి మేడకు, కట్టకముందే, ఏడాదిలోని 8,760 గంటలకూ కరెంటు ఖర్చును కంప్యూటరులో గంటగంటకూ లెక్క కడతారు. చాలీచాలని ఏ.సి. యంత్రమును లెక్కలో చూపితే ఖర్చు తగ్గినట్లే కనబడును. లోపల కూర్చున్నవారికి చెమటలు పట్టును.

అందుకే యాష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘమువారి 90.1 ప్రమాణము ఒక కట్టుబాటు పెట్టినది. కోరిన చల్లదనముగాని, వెచ్చదనముగాని అందని గంటలు ఏడాదికి 300 మించరాదు. వీటిని ‘అన్‌మెట్ లోడ్ అవర్స్’ అంటారు. మనము తీరని గంటలందాము. మేడలో ఏ ఒక్క భాగమునకు అందకపోయినా ఆ గంట లెక్కలో పడును. ఒకే గంటలో పది భాగములకు అందకపోయినా అది ఒక్క గంటే.

300 అంటే ధారాళమే అనిపించును. కాని మా గుమాస్తాల లెక్క చూడండి. వారానికి ఆరు రోజులు నడిచే ఆఫీసులో ప్రతి ఉదయమూ మొదటి గంట చల్లబడకపోతే, 52 వారములకు 312 గంటలు!

దీనికి మందు పెద్ద యంత్రమే కానక్కరలేదు. ఏ భాగములో, ఏ వేళ లోటు వచ్చినదో ముందు చూడవలెను. జనము తొమ్మిదింటికి వచ్చే చోట యంత్రమును ఎనిమిదింటికే నడపవచ్చు. ఆ కరెంటునూ ఖర్చులో వ్రాయవలెను. పడమటి అద్దాల గదికి ఎండ తగలకుండా చూరు దింపి, చల్లగాలి పాలు పెంచవచ్చు. కొన్నిచోట్ల తప్పంతా కాగితములోనే ఉండును: మనుషుల వేళ ఒకటి, యంత్రము వేళ మరొకటి వ్రాసి ఉందురు.

అంతేగాని, థర్మామీటరు హద్దులను కాగితము మీద సడలించి 300లోపు తెచ్చుట పద్దు దిద్దుటే అగును.

మన పిల్లలు బెంగుళూరులో, చెన్నపట్టణములో ఇంజనీర్లై ఇట్టి లెక్కలు కడుతున్నారు. ఎంత కరెంటు మిగిల్చారని వారిని అడిగినప్పుడు, తీరని గంటలు ఎన్ని అని కూడ అడుగుదాము.