టి.వి. మోగుతుంటే ఇంట్లో మాట తగ్గుతుంది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి పసిబిడ్డలను తీసుకువచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు: "పిల్లల పాటలే పెడుతున్నాం కదండీ, నష్టమేముంది?" ఏం చూపిస్తున్నారన్నది రెండో సంగతి. ఆ గంటసేపు బిడ్డతో ఎవరు మాట్లాడారన్నది మొదటిదని మా అభిప్రాయం.

అమెరికాలోని సియాటిల్ నగరంలో డిమిత్రి క్రిస్టాకిస్ అనే పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి ఈ విషయం మీదే పరిశోధన చేశారు. పసితనంలో టి.వి. ఎక్కువగా చూసినవారికి ఏడేళ్ళప్పుడు ఏకాగ్రత సమస్యలు ఎక్కువని 2004లో ఆయన బృందం ప్రకటించింది. దానికి ప్రచారమూ వచ్చింది, వివాదమూ వచ్చింది. అవే లెక్కలు మళ్ళీ చూసిన కొందరు ఆ సంబంధం అంత గట్టిది కాదన్నారు.

మాకు ముఖ్యమనిపించేది 2009 నాటి పని. రెండు నెలల నుంచి నాలుగేళ్ళ వరకు వయసున్న 329 మంది పిల్లలకు చిన్న రికార్డరు తగిలించి, వారి చెవిన పడే మాటలు లెక్కపెట్టారు. టి.వి. వినిపించిన ప్రతి గంటకు పెద్దవాళ్ళ మాటలు సగటున 770 తగ్గాయి. బిడ్డ పలికే పలుకులూ తగ్గాయి. లెక్కలోకి తీసుకున్నది టి.వి. శబ్దాన్ని. అంటే నానమ్మ సీరియలు, నాన్న క్రికెట్ కూడా ఇందులో ఉన్నట్టే! అంతకుముందు 2007లో ఆయనే కొన్ని కుటుంబాలకు ఆటదిమ్మెలు ఇచ్చి చూశారు. ఆ పిల్లలకు మాటల పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. మన ఇళ్ళలో గిన్నెలు, గరిటెలు చాలు.

అందరూ తల్లినే తప్పుపట్టడం మాకు నచ్చదు. పొద్దంతా పత్తి తీసి వచ్చి పొయ్యి ముందు కూర్చున్న ఆమెకు, బిడ్డను కాసేపు ఆడించే మనిషి దొరక్కపోతే ఫోనే దొరుకుతుంది. తాతయ్యా, మేనమామా, ఆ కాసేపు మీరు తీసుకోండి. ముందు అన్నం వేళ ఫోను మాన్పించండి. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తారు, ముద్ద కూడా తగ్గవచ్చు.

భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళలోపు బిడ్డలకు తెర వద్దు. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడించవచ్చు. రెండు నుంచి ఐదేళ్ళవారికి రోజుకు గంట దాటకూడదు.

అయితే మాటలు రాని ప్రతి బిడ్డకూ కారణం ఫోనే అనుకోవద్దు. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, "మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఆగకుండా డాక్టరుకు చూపించి, ముందు వినికిడి పరీక్ష చేయించండి.