టోపీ లోపలి పట్టీ

పిల్లలూ! టోపీ లోపల నుదుటికి ఆనుకుని ఒక పట్టీ ఉంటుంది, చూశారా? చెమటను కళ్ళలోకి కారనివ్వనిది అదే. చెమటలోని ఉప్పు కళ్ళను మండిస్తుంది. సైకిలు తొక్కుతూ కళ్ళు మూసుకోవలసి వస్తే ఎంత ప్రమాదం!

ఫెల్టు టోపీలకు తోలుపట్టీ వేస్తారు. అది చెమటను ఫెల్టుకు అంటనివ్వదు. కాని తోలును గుడ్డలా ఉతకలేము.

మరి మీ ఎండటోపీకి ఏది మంచిది? పరీక్షించండి. ఉతికిన తువ్వాలు ముక్క మీదా, పాత తోలుముక్క మీదా 5 చుక్కల చొప్పున నీళ్ళు వేయండి. తువ్వాలు చటుక్కున పీల్చుకుంటుంది. నూలుపోగులూ, వాటి సందులూ నీటిని పట్టి ఉంచుతాయి. నైలాను పోగు అంతగా తాగదు.

అయితే నూలు త్వరగా ఆరదు. అందుకని అమ్మ సాయంతో రెండు పట్టీలు కుట్టుకోండి. ఒకటి ఉతికి ఆరవేస్తే, రెండోది టోపీలో ఉంటుంది!