తాళంచెవి అడగాల్సింది ఎవరు?

ఆ మధ్య ఒక మిత్రుడింట్లో విందు. వచ్చినవాళ్ళంతా హక్కుల గురించి మాట్లాడేవాళ్ళమే. రాత్రి పదకొండు దాటాక, బాగా తాగిన సహోద్యోగి ఒకాయన స్కూటర్ తీశాడు. వెనక అతని భార్య కూర్చుంది. ‘జాగ్రత్త’ అంటూ అందరం చేతులూపాం. అరగంటకల్లా బండి డివైడర్‌ని గుద్దుకుంది. అతను గీతలతో బయటపడ్డాడు. ఆమెకి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికెళ్ళి ఆమెని మేం అడిగిన మొదటి ప్రశ్న: ‘తాగాడని తెలిసీ ఎందుకెక్కావు?’ అలా అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఆమె ఎందుకెక్కింది? నలుగురిలో వద్దంటే ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు కనక. మాకు పోయేదేముంది? కాసేపు మొహమాటం, అతను నాలుగు రోజులు మాట్లాడకపోవడం. అంతే. ఎవరైతే ఎదురు చెప్పలేదో ఆమె మీదే ఆపే బాధ్యత పడేశాం. ఆపలేకపోయినందుకు తప్పూ ఆమెదే చేశాం.

‘తాగడం అతని వ్యక్తిగత విషయం’ అంటారు. భార్యని కొట్టడమూ ఇంటి విషయమేనని ఎన్నేళ్ళు విన్నాం! తాగడం వ్యక్తిగతం కావచ్చు, రోడ్డు కాదు. ఫుట్‌పాత్ మీద పడుకునే కుటుంబానికీ, వేకువనే రోడ్డూడ్చే కార్మికురాలికీ అతని స్వేచ్ఛతో ఏం పని?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఉద్యమం వ్యాపించి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ప్రభుత్వమే సడలించింది. వాళ్ళు ఎదిరించింది కంట్రాక్టర్లనే కాదు, సొంత మొగుళ్ళనీ అన్నదమ్ములనీ కూడా. వాళ్ళ మీద వ్యాసాలు రాసే మనం ఒక స్నేహితుణ్ణి బండి తాళం అడగలేం. కూలివాడి సారా సామాజిక సమస్యా, మనవాడి విస్కీ వ్యక్తిగత స్వేచ్ఛా?

చట్టం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకి మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. 2019 సవరణతో మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కానీ పోలీసు ప్రతి మలుపులోనూ ఉండడు. విందులో ఉండేది మనమే.

అందుకే, మందు పోసే ఇంట్లో తాళాలు ముందే తీసి పెట్టాలి. ఒక్కరు కాదు, నలుగురు కలిసి అడగాలి. ముఖ్యంగా మగ మిత్రులు అడగాలి. ఆటో పిలవాలి, లేదా అక్కడే పడుకోమనాలి. వినకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యాలి. భార్యాపిల్లల్ని మాత్రం ఆ బండి ఎక్కనివ్వకూడదు. మర్నాడు ఆమె ఎలా ఉందో కనుక్కోవాలి.

అతనికి కోపం వస్తుంది. రానివ్వండి. ఆ కోపం మన మీదికి రావాలి. మనం తప్పించుకున్న ప్రతిసారీ అది పడేది ఆమె మీదే.