పొగ కొలవని పొల్యూషన్ సర్టిఫికెట్

పెట్రోల్ బంకు మూలన ఒక చిన్న వ్యాను ఆగి ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక కెమెరా, ఒక ప్రింటరు. బండి ఆపుతాం, నంబరు ప్లేటు ఫొటో తీస్తారు, డబ్బులిస్తాం, కాగితం చేతికొస్తుంది. ఇటీవల నా కారుకూ అలాగే జరిగింది. ఇంజన్ ఆపేసే ఉంది. సైలెన్సర్‌లో గొట్టం పెట్టనే లేదు. అయినా నా బండి పొగ పరిమితిలోనే ఉందని అంకెలతో సహా అచ్చయి వచ్చింది. ఇదేమిటని నేను అడగలేదు. తొందరలో ఉన్నాను. ఆ మౌనం గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

చట్టం చూస్తే గట్టిగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, పెట్రోలు, డీజిలు, గ్యాసు మీద నడిచే ప్రతి బండికీ కొన్న ఏడాది తరువాత నుంచి చెల్లుబాటులో ఉన్న పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. పరిమితి దాటి పొగ వదిలే బండి నడిపితే, 2019 సవరణ తరువాత, తొలి నేరానికే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలపాటు లైసెన్సుకూ అనర్హత వస్తుంది.

పరీక్ష కూడా కష్టమైనదేమీ కాదు. పెట్రోలు బండి అయితే ఇంజన్ వేడెక్కాక, ఆన్‌లో ఉంచి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంత వస్తున్నాయో యంత్రంతో కొలవాలి. డీజిలు బండి అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, వచ్చే పొగ ఎంత దట్టంగా ఉందో చూడాలి. పరిమితి దాటితే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. మెకానిక్ దగ్గరికి వెళ్లి బాగు చేయించుకుని మళ్లీ రావాలి. మొత్తం ఏర్పాటుకు ప్రాణం ఆ 'మళ్లీ రావాలి' అన్న మాటలోనే ఉంది. ఎవరూ ఫెయిల్ కాని పరీక్ష ఎవరినీ బాగు చేయదు.

మరి అసలు జరుగుతున్నదేమిటి? ఢిల్లీలో వాహన కాలుష్యంపై కాగ్ ఇచ్చిన నివేదిక 2025 ఏప్రిల్‌లో అక్కడి శాసనసభ ముందుకు వచ్చింది. 2015 నుంచి 2020 వరకు జారీ చేసిన సర్టిఫికెట్లను ఆడిటర్లు పరిశీలించారు. కొలతలు పరిమితి దాటినా సుమారు 1.08 లక్షల పెట్రోలు, గ్యాసు బండ్లు పాసైనట్టు తేలింది. ఒకే కేంద్రంలో ఒకే సమయంలో ఒకటి కంటే ఎక్కువ బండ్లను పరీక్షించినట్టు నమోదైన సందర్భాలు 7,643. పరీక్షకూ సర్టిఫికెట్‌కూ మధ్య ఒక్క నిమిషమే ఉన్నవి 76,865. దేశంలో గాలి గురించి అందరికంటే ఎక్కువగా మాట్లాడుకునే నగరం పరిస్థితే ఇది. అంత నిఘా లేని మన ఊళ్లలో పరీక్ష ఇంతకన్నా నిక్కచ్చిగా జరుగుతోందని ఏ ధైర్యంతో అనుకుంటాం?

నిక్కచ్చిగా జరిపినా ఈ పరీక్షకు ఇంకో లోపముంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే అతి సూక్ష్మ ధూళి కణాలను, అంటే పీఎం 2.5ను, అది నేరుగా కొలవదు. నైట్రోజన్ ఆక్సైడ్లనూ కొలవదు. 2019లో మన దేశంలో సుమారు 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. సూక్ష్మ ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. మన జాతీయ ప్రమాణం 40.

ఇది ఢిల్లీ గొడవే అనుకోవద్దు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్లుగా గుర్తించిన వాటిలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, రాజమండ్రి అందులోవే. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్లగొండ ఉన్నాయి. ఈ ఊళ్లలో పాపమంతా బండ్లదే కాదు. ఫ్యాక్టరీలున్నాయి, కట్టడాల దుమ్ముంది, చెత్త తగలబెట్టడం ఉంది. కానీ మనిషి ముక్కు ఎత్తులో, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, బడి గేటు ముందు వచ్చే పొగ మాత్రం బండ్లదే.

ఇక్కడే అసలు చిక్కు. స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఊరి ప్రగతిని ముఖ్యంగా పీఎం 10తో, అంటే కాస్త పెద్ద ధూళితో, లెక్కిస్తున్నారు. ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే పోయిందని, వాహనాల కాలుష్యానికి దక్కింది 13 శాతం లోపేనని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క కట్టింది. పొల్యూషన్ సర్టిఫికెట్ రవాణా శాఖ చేతిలో ఉంది, ఊరి గాలి లెక్క కాలుష్య నియంత్రణ మండలి చేతిలో ఉంది. సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చారో ఒకరు చెబుతారు, గాలి ఎంత చెడిందో ఇంకొకరు చెబుతారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి జవాబు చెప్పాల్సినవారు కనబడరు.

అమెరికాలో ఈ ముడి చట్టంలోనే ఉంది. గాలి ప్రమాణాలు అందుకోని ప్రాంతాలున్న రాష్ట్రం, ఎలా అందుకుంటుందో ప్రణాళిక రాసి కేంద్ర పర్యావరణ సంస్థకు ఇవ్వాలి. గాలి బాగా చెడిన నగరాల్లో వాహన తనిఖీ అందులో తప్పనిసరి భాగం. మాట తప్పితే రహదారుల నిధులు ఆగిపోయే ప్రమాదముంది. మన తెలుగువారు ఎంతోమంది ఉంటున్న టెక్సస్‌నే చూడండి. 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసింది. కానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వంటి ప్రాంతాల కౌంటీల్లో పొగ తనిఖీని మాత్రం కొనసాగించింది. కొలరాడోలో రోడ్డు పక్కన పెట్టిన పరికరాలు నడుస్తున్న బండి పొగనే కొలుస్తాయి. శుభ్రంగా ఉన్న బండి మళ్లీ కేంద్రానికి వెళ్లే పని ఉండదు. అక్కడ మోసం లేదని కాదు. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచేలా ఫోక్స్‌వాగన్ తన డీజిలు కార్లలో సాఫ్ట్‌వేర్ పెట్టిందని 2015లో బయటపడింది ఆ దేశంలోనే. అది బయటపడిందీ రోడ్డు మీద నిజంగా కొలవడం వల్లే.

మన దగ్గర కఠినంగా ప్రయత్నించకపోలేదు. సర్టిఫికెట్ లేని బండికి ఇన్సూరెన్సు రెన్యువల్ చేయవద్దని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దానివల్ల చాలా బండ్లు ఇన్సూరెన్సే లేకుండా తిరుగుతున్నాయని, ప్రమాద బాధితులకు పరిహారం అందడం లేదని విన్నపాలు రావడంతో 2024 జూలైలో ఆ షరతును తొలగించింది. కాగితానికి ఇంకో కాగితం ముడేస్తే గాలి బాగుపడదని ఆ అనుభవం చెబుతోంది. చేయాల్సింది వేరు. పరీక్షా కేంద్రాలను చెప్పాపెట్టకుండా తనిఖీ చేయాలి. ఎవరినీ ఫెయిల్ చేయని కేంద్రాన్ని అనుమానించాలి. రోడ్డు పక్క పరికరాలు పెట్టాలి. ఏ జిల్లాలో ఎన్ని బండ్లు ఫెయిలయ్యాయో, ఎన్ని బాగై తిరిగొచ్చాయో ప్రజలకు చెప్పాలి.

బీదల మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాత ఆటో నడుపుకునే సోదరుడికి పదివేల జరిమానా అంటే నెల తిండి. కానీ రోజుకు పది గంటలు ఆ పొగలో కూర్చునేదీ అతడే. అందుకే జరిమానాకు ముందు మరమ్మతుకు గడువివ్వాలి, సాయమూ అందాలి. చూసీచూడనట్టు వదిలేయడం అతడికి మేలు చేసినట్టు కాదు.

తప్పుడు తూనికరాళ్లు దేవునికి అసహ్యమని మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. కొలవకుండా అంకెలు వేసిన సర్టిఫికెట్ తప్పుడు తూనికరాయి కాక మరేమిటి? అమ్మినవాడిదే తప్పు అనుకుంటాం గానీ కొన్నవాళ్లం మనమే. ఆదివారం మన చర్చి ఆవరణలో ఎన్ని బండ్లు ఆగుతాయో ఒకసారి లెక్కపెట్టండి. సంఘం వ్యాను, బడి బస్సు, పాస్టరుగారి బైకు, మన కార్లు. ఈ నెలలో వాటన్నిటినీ ఇంజన్ ఆన్ చేసి, గొట్టం పెట్టించి, నిజంగా పరీక్ష చేయిద్దాం. ఫెయిలైన బండిని బాగు చేయిద్దాం. స్థోమత లేని ఆటో సోదరుడి మరమ్మతు ఖర్చులో సంఘం కొంత భరించవచ్చు.

నేను ఆ బంకుకు మళ్లీ వెళ్లాలి. ఈసారి ఇంజన్ ఆపను. "బాబూ, గొట్టం పెట్టి చూడు, ఆ తరువాతే కాగితం ఇవ్వు" అని అడగాలి. వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టినా సరే.