ఋణస్థులకు మన సంఘంలో చోటుందా?

నౌపడ చుట్టుపక్కల ఉప్పు పండించేవారికి ఒక భయం ఎప్పుడూ వెన్నంటే ఉంటుంది. మడి అడుగు తొక్కి గట్టిపరచి, ఉప్పునీరు పెట్టి, ఎండ కోసం ఎదురుచూసి, చివరకు గోకి కుప్ప పోసిన ఉప్పు అకాలంగా కురిసిన ఒక్క వానకు కరిగిపోతుంది. ఆ రైతు సోమరి కాడు. తాగుబోతు కాడు. అబద్ధికుడు కాడు. అయినా ఆ సాయంత్రానికి అతను అప్పులవాడే. మడి కౌలుకు తెచ్చిన డబ్బుకు వడ్డీ మాత్రం వానలో కరగదు.

నా పరిచర్యలో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడే ఆదివారం ఒకటుంది. అది 2010వ సంవత్సరం. ప్రేమ తప్ప మరే బాకీ ఎవరికీ ఉండకూడదన్న పౌలు మాట (రోమా 13:8) తీసుకుని గంటసేపు ప్రసంగించాను. అప్పు చేసేవాడికి విశ్వాసం తక్కువని, ఐపీ పెట్టేవాడు దేవుని నామానికి అవమానం తెస్తాడని గట్టిగా చెప్పాను. వెనుక వరుసలో ఒక సహోదరుడు తలవంచుకుని కూర్చున్నాడు. ఉప్పులో రెండేళ్ళు వరుసగా నష్టపోయి, కోర్టులో ఐపీ పెట్టుకున్నాడని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ తర్వాత మూడు వారాలు అతను గుడికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే అతని భార్య ఒకే మాట అంది: "మీరు వాక్యం సెప్తుంటే అందరూ మాకేసే సూసినట్టుందండి అయ్యగారూ."

నేను ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ నెలలోనే ఒక రాత్రి ఆ కుటుంబం నౌపడ స్టేషనులో బండెక్కి వెళ్ళిపోయింది. ఆ ఇంటికి తాళమే మిగిలింది. అతన్ని కోర్టు ఊరి నుంచి వెళ్ళగొట్టలేదు. మేము వెళ్ళగొట్టాం.

ప్రియులారా, మన ప్రాంతంలో "వాడు ఐపీ పెట్టాడు" అనే మాట తిట్టుగా మారిపోయింది. అసలు ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. నా ఆస్తి కన్నా నా అప్పు ఎక్కువ, తీర్చే దారి లేదు అని ఒక మనిషి న్యాయస్థానం ముందు ఒప్పుకోవడం. ఇందుకోసం మన దేశంలో 1920లోనే ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం చేశారు. ఉన్న ఆస్తిని కోర్టు స్వాధీనపరచుకుని అప్పులవాళ్ళకు పంచుతుంది. ఆస్తి దాచి మోసం చేసినవాణ్ణి శిక్షిస్తుంది. నిజాయితీగా అన్నీ అప్పగించినవాణ్ణి చివరకు ఋణవిముక్తుణ్ణి చేయవచ్చు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవారికి మాత్రమే అమలు చేశారు. సామాన్యుడికి దారి ఆ పాత చట్టమే.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు 60 వేల కోట్ల డాలర్లకు పైగా అప్పులతో ఇలాగే కోర్టుకెక్కింది. ప్రపంచమంతా వణికింది. ఆ సంక్షోభంలో ఎడారి దేశాల్లో కట్టడాల పనులు ఆగిపోతే, అప్పు చేసి వీసాలు కొనుక్కుని వెళ్ళిన మన బిడ్డలు ఎందరో ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. పెద్ద కంపెనీ కోర్టుకు వెళితే అది చట్టం. మన వీధిలోవాడు వెళితే అది సిగ్గుమాలిన పని. ఈ తేడా లోకానిది. సంఘానిది కాకూడదు.

బైబిలులో ఒక విధవరాలి కథ ఉంది (2 రాజులు 4:1-7). ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, దైవభక్తి గలవాడు. ఆ సంగతి ఎలీషాకు కూడా తెలుసు. అయినా అప్పుల్లోనే కన్నుమూశాడు. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. భక్తి గలవాడు కూడా అప్పుల్లో చనిపోవచ్చునని బైబిలు దాచిపెట్టకుండా చెప్పింది. ఎలీషా ఆమెను ఎందుకు అప్పు చేశారని అడగలేదు. నేను నీకేమి చేయాలి, ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపి ఖాళీ పాత్రలు తెమ్మన్నాడు. నూనె నిండాక ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో బతకమన్నాడు. ఆ నూనె ఇచ్చింది దేవుడే. కానీ పాత్రలిచ్చింది పొరుగువారు. మన విశ్వాసుల ఇళ్ళ నుంచి ఒక ఋణస్థుడి ఇంటికి ఎన్ని పాత్రలు వెళుతున్నాయి?

ఇక్కడ కొందరు నన్ను నిలదీస్తారు. "అయితే అప్పు ఎగ్గొట్టమంటారా పాస్టరు గారూ?" అని అడుగుతారు. అనను. తీసుకున్నది తిరిగి ఇవ్వనివాణ్ణి కీర్తనకారుడు భక్తిహీనుల జాబితాలో వేశాడు (కీర్తన 37:21). తీర్చగలిగి తీర్చనివాడు దొంగతో సమానమే. అయితే తీర్చాలని ఉండి తీర్చలేనివాడు వేరు. ఈ తేడాను మన న్యాయస్థానాలే గుర్తించాయి. దురుద్దేశం లేకుండా, కేవలం పేదరికం వల్ల చెల్లించలేని మనిషిని జైలుకు పంపడం న్యాయం కాదని 1980లో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో చెప్పింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం అప్పు కింద కూడా వంటపాత్రలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, చేతిపనివాడి పనిముట్లు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుంచి తీయకూడని నగ జప్తు చేయకూడదు. ఇది చదివినప్పుడు నాకు ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం గుర్తొచ్చింది. తిరగలి రాయి తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే అది ఒక కుటుంబం బతుకు. పేదవాడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చేయాలి. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఇంటిలోపలికి దూరకూడదు, బయటే నిలబడాలి. ఋణస్థుడి గడపకు దేవుడిచ్చిన గౌరవం అది.

ఆ గడపను మనం 2010లో తొక్కేశాం. పెద్దవాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అయిదుగురు పదిమంది ఆడవాళ్ళను గ్రూపు చేసి సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం కిస్తీ కట్టించుకునేవి. ఒకామె కట్టలేకపోతే మిగిలినవాళ్ళు కట్టాలి. అందుకని కంపెనీ మనిషి కన్నా ముందు తోటి ఆడవాళ్ళే ఆమె గుమ్మంలో కూర్చునేవారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీలో అప్పు, దానికి మరొకటి. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వసూళ్ళు పోయి నెల వసూళ్ళు వచ్చాయి. పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే కట్టించుకోవాలన్నారు. దాంతో వేధింపులు తగ్గాయి. అయితే కట్టగలిగినవారిలో కూడా చాలామంది కట్టడం మానేశారు. కంపెనీలు కొత్త అప్పులు ఇవ్వడం ఆపేశాయి. అవసరం మాత్రం ఆగలేదు కనుక పేదలు మళ్ళీ వడ్డీవ్యాపారి గుమ్మమే ఎక్కారు. చట్టం తలుపు దగ్గర కాపలా కాయగలదు. లోపల అన్నం వండలేదు.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ బాధించిన సంగతి మరొకటుంది. గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్ళు, తలుపు వేసుకుని లోపల ఏడ్చిన ఆడది ఒకే సంఘంలోనివారు. ఒకే చాప మీద కూర్చుని పాటలు పాడినవారు. అప్పిచ్చిన పెద్దమనిషి, అప్పు తీసుకున్న కూలి ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలు పుచ్చుకున్నవారు.

నెహెమ్యా కాలంలో కూడా ఇదే జరిగింది (నెహెమ్యా 5). కరవు వల్ల, రాజుగారి పన్నుల వల్ల జనం పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టారు. బిడ్డలను దాసత్వానికి అప్పగించారు. అప్పిచ్చినవారు అన్యులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా పెద్దలను పిలిచి సభలో నిలబెట్టాడు. నేనూ నా బంధువులూ నా పనివారూ కూడా అప్పులిచ్చినవారమేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే ఈ వడ్డీ మానేద్దామన్నాడు. తాకట్టులు, తీసుకున్న నూటికి ఒకటి తిరిగి ఇచ్చేయమన్నాడు. నూటికి ఒకటి నెలకు అని పండితుల్లో చాలామంది అభిప్రాయం. అంటే మన భాషలో రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే నెహెమ్యా మండిపడితే, మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు తిప్పుతూ ఆదివారం చందా పళ్ళెం పట్టుకునే చేతులను ఆయన ఏమనేవాడు? ఈ ప్రశ్న సంఘ పెద్దలు తమను తామే వేసుకోవాలి. కాపరులమైన మేము కూడా వేసుకోవాలి. అప్పు చేసి మరీ కానుక వేస్తే దేవుడు అప్పు తీర్చేస్తాడని చెప్పి పేదరాలి చివరి నోటు కూడా తీసుకునే బోధ వడ్డీవ్యాపారం కన్నా మెరుగైనదేమీ కాదు.

ప్రభువు నేర్పిన ప్రార్థన మనకు నోటికి వచ్చు. మన తెలుగు బైబిలులో మత్తయి రాసిన ఆ ప్రార్థనలో పాపములు అని లేదు. ఋణములు, ఋణస్థులు అని ఉంది. ఇంగ్లీషువారి ఆరాధనల్లో చాలాచోట్ల అపరాధాలు అనే అర్థం వచ్చే మాట వాడతారు. మన అనువాదకులు మాత్రం మూలంలోని గ్రీకు మాటకు ఉన్న అర్థాన్నే ఉంచారు. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట ఉండేది. కనుక తెలుగు సంఘం ప్రతి ఆదివారం తెలిసో తెలియకో ఋణస్థుల పేరు ఎత్తి ప్రార్థిస్తోంది. పేరు ఎత్తుతాం, మనిషికి చోటివ్వం.

క్షమించడం తేలిక అని నేను అనను. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో తోటి దాసుడు బాకీ ఉన్నది నూరు దేనారాలు. ఒక దేనారం అప్పట్లో ఒక రోజు కూలి. అంటే నూరు రోజుల కూలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాది మొత్తానికి హామీ ఇచ్చిన పని కూడా నూరు రోజులే. అది చిన్న నష్టం కాదు. అప్పిచ్చినవాడి ఇంట్లో కూడా ఆడపిల్ల పెళ్ళి ఉంటుంది. అయితే అతనికి రాజు కొట్టివేసిన బాకీ పదివేల తలాంతులు, అంటే దాదాపు ఆరు కోట్ల రోజుల కూలి. నూరు రోజులు వదులుకోలేనివాడు ఆ ఆరు కోట్లను మరచిపోయాడు. అతని తప్పు బాకీ అడగడం కాదు, గొంతు పట్టుకోవడం.

మరి సంఘం ఏం చేయగలదు? మనం బ్యాంకు కాదు. అందరి అప్పులూ తీర్చలేం. కానీ పౌలు ఒనేసిము కోసం ఫిలేమోనుకు రాసినట్టు, అతని పక్కన నిలబడి అతని బాకీ నా లెక్కలో వేయమని మాట్లాడగలం. ప్రతి సంఘంలో నమ్మకస్థులైన ఇద్దరు పెద్దలు ఉండాలి. చెప్పిన మాట బయటికి పోనివ్వనివారై, ఒక కాగితం మీద అతని అప్పులన్నీ రాయించగలవారై ఉండాలి. అప్పిచ్చినవాడి దగ్గరకు అతనితో కలిసి వెళ్ళి గడువు అడగాలి. వేరే దారి లేకపోతే వకీలు దగ్గరకు తీసుకెళ్ళాలి. వసూలుకు వచ్చినవారు హద్దు మీరితే అడగాలి. సూక్ష్మరుణాల విషయంలో ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేయడం, బెదిరించడం, బంధువులను వేధించడం, పేర్లు బయటపెట్టడం కూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. కుటుంబం మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం మించకూడదని కూడా వాటిలోనే ఉంది. మన విశ్వాసుల్లో ఎందరికి ఇది తెలుసు? ఇక అప్పులవాడి ఇంట్లో రాత్రి పొయ్యి వెలిగిందో లేదో చూడటానికి ఏ చట్టమూ అక్కరలేదు.

ఇది చదువుతున్నవారిలో అప్పుల భారంతో నిద్రపట్టనివారు ఉంటే మీతో ఒక మాట. మీరు తీర్చలేకపోయింది డబ్బు. మీ ప్రాణం ఎవరికీ తాకట్టు లేదు. అది క్రీస్తు వెలపెట్టి కొన్నది, మరే అప్పు కింద జమ కాదు. ఈ రాత్రి ఎవరితోనైనా చెప్పండి. మీ కాపరితో చెప్పండి. చెప్పలేకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, పగలూ రాత్రీ ఉచితం. దావీదు గుహలో దాగినప్పుడు అతని దగ్గర చేరినవారిలో అప్పులపాలైనవారు ఉన్నారు (1 సమూయేలు 22:2). వారిని అతను తరిమివేయలేదు.

నౌపడ మీదుగా బండిలో వెళ్ళినప్పుడల్లా ఆ సహోదరుడు గుర్తొస్తాడు. అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు. అతను తిరిగి వచ్చి వెనుక వరుసలో కూర్చుంటే నేను చేయవలసిన ప్రసంగం వేరు. అతను రాకపోయినా అలాంటివారు ఈ ఆదివారం మన గుడి గడప దాకా వస్తారు. లోపలికి వచ్చి కూర్చోవడమా, రాత్రి బండెక్కడమా అని అక్కడ నిలబడి ఆలోచిస్తారు. ఆ గడపలో మనం ఎవరిగా నిలబడతామో ప్రభువు చూస్తున్నాడు.