పిడికెడు వేరుశెనగలు

చలికాలం వచ్చింది. ఖరీఫ్ వేరుశెనగ కళ్లాలు దాటి అంగళ్లకు చేరింది. సాయంత్రం చదువు ముగించుకొని ఇల్లు చేరే పిల్లలు రంగురంగుల పొట్లాల కోసం మారాం చేయకముందే, వారి దోసిట్లో ఇంట వేయించిన వేరుశెనగలు పోయడం ఎంతో మేలు. అయితే ఈ వంటకం పొయ్యి వెలిగించకముందే, చేటలో మొదలవుతుందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము.

గత సంవత్సరం ఒక దాత మా మద్రసాకు పంపిన వేరుశెనగ బస్తా వానకు చెమ్మెక్కిన గోడకు ఆని ఉండిపోయింది. విప్పి చూడగా చాలా గింజలపై పచ్చని బూజు కనిపించింది. "కడిగి, ఎండబెట్టి, బాగా వేయించమ్మా. అల్లాహ్ ప్రసాదించిన ఆహారాన్ని పారవేయరాదు" అని మేము వంటామెకు చెప్పాము. వేరుశెనగ మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన ఆమె చేట కింద పెట్టి, "హజ్రత్, వేయిస్తే వాసన పోతుంది గానీ ఈ బుడ్డల్లో విషం పోదు. మీ మనవళ్లకైతే పెడతారా?" అన్నది. వృథా కూడదని ఏళ్లుగా బోధిస్తున్న మా వద్ద ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది.

ఆమె చెప్పినది నిజము. ఆ బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం కాలేయానికి హాని చేస్తుంది. వంటింటి వేడికి పూర్తిగా నశించదు. 1960లో ఇంగ్లాండులో బూజు పట్టిన వేరుశెనగ పిండి మేసి లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తరువాతనే శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించారు. పశువులకు వేస్తే పాల ద్వారా తిరిగి మన గిన్నెలోకే వస్తుంది. కనుక ఆ బస్తాను పాతిపెట్టించాము. ఆహారం వృథా అయినది పాతిపెట్టిన నాడు కాదు, అమానత్‌గా అందిన దానిని మేము చెమ్మగోడ పాలు చేసిన నాడే!

ఇక చేసే విధానము. అరకిలో కొత్త గింజలను చేటలో పోసి, బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరివేయాలి. అరగ్లాసు వేడినీటిలో చెంచాడు ఉప్పు కరిగించి, గింజలకు పట్టించి, పది నిమిషాలు మూత పెట్టాలి. నీరు వడగట్టి, గుడ్డపై పరచి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. దళసరి మూకుడులో సన్నని సెగపై, చేయి ఆపకుండా కలుపుతూ పదిహేను, ఇరవై నిమిషాలు వేయించాలి. నలిపితే పొట్టు ఊడి, లోపల లేత బంగారు రంగు కనిపించగానే పళ్లెంలోకి తీయాలి. ఆలస్యమైతే మూకుడు వేడికే మాడి చేదెక్కుతాయి.

అదే మూకుడులో చెంచాడు నూనె వేసి, దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెమ్మల కరివేపాకు కరకరలాడేలా వేయించి దించాలి. అరచెంచా కారం, అరచెంచా వేయించిన జీలకర్ర పొడి, ఆపై గింజలు వేసి కలపాలి. కారం ఓర్వలేని పిల్లలకు కాస్త మిరియాల పొడి, ఆమ్‌చూర్ చాలు. పూర్తిగా చల్లారిన తరువాతే గాజు సీసాలో పోసి, బిగుతుగా మూత పెట్టాలి. పది రోజులు కరకరలాడుతూ ఉంటాయి.

వంద గ్రాముల వేరుశెనగలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బరువులో దాదాపు సగం నూనె కూడా ఉన్నందున రోజుకు పిడికెడు చాలు. అయిదేళ్లలోపు పసివారికి గింజలుగా ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడి ఊపిరాడని ప్రమాదమున్నది. వారికి మెత్తగా దంచి అన్నంలో కలిపి పెట్టవచ్చును. వేరుశెనగ పడనివారు దీనికి దూరంగా ఉండాలి.

సోదరీమణులారా! సీసా నింపిన నాడు ఒక గిన్నెడు పొరుగింటికీ పంపండి. బిస్మిల్లాహ్ అని పిల్లల చేత మొదటి గింజ తినిపించే ముందు, ఆ గింజను మీ కళ్లతో ఒకసారి చూడండి. హలాల్ సంపాదనతో కొన్నది శుభ్రంగా కూడా ఉండాలి కదా!